మడ్డిలో పట్టిన గింజ

చక్కెర ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తీగపాకం అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ముప్ఫై నాలుగేళ్లుగా పాన్ హౌస్‌లో చెరకు రసాన్ని చక్కెరగా వండటం ఆయన పని. గదంత ఉక్కు పాన్‌లు వరసగా ఉడుకుతుంటే, ఏ పాన్ ఏ దశలో ఉందో చప్పుడు విని చెప్పేవాడు. పాన్ పక్కనున్న ఇత్తడి కడ్డీ లాగి, దాని గాడిలో వచ్చిన పాకాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కి సాగదీసి, గాజు పలక మీద ఒక చుక్క వేసి దీపానికి ఎదురుగా చూసేవాడు. పాకంలో చక్కెర గింజ పట్టిందని ఆయన తలూపితేనే మిగతావాళ్లు వాల్వుల మీద చెయ్యి వేసేవారు.

ఆ ఏడు పాన్ హౌస్‌లోకి కంప్యూటర్ తెరలొచ్చాయి. పాకం చిక్కదనం, వేడి, గింజ సైజు అన్నీ తెర మీద అంకెలుగా కనపడతాయి. వాల్వులు వాటంతటవే తిరుగుతాయి. తీగపాకం వారం రోజులు ఆ తెరల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదో రోజు మేనేజర్ పిలిచాడు.

"మీకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. ఊరికే నిలబెట్టడం నాకూ బాగాలేదు. వెనక కొత్త షెడ్డులో అనుభవమున్న మనిషి కావాలన్నారు."

"ఏ షెడ్డు సార్? ఆ పురుగుల షెడ్డా?"

మేనేజర్ నవ్వాపుకున్నాడు. "అక్కడ ఇన్‌ఛార్జి ఎవరో మీకు తెలుసుగా?"

తెలియకేం! స్వయానా ఆయన చెల్లెలి కూతురు. ఈ చేతుల్లో పెరిగిన పిల్ల. చిన్నప్పుడు ఆయన జేబులో తెచ్చిన చక్కెర పలుకుల్ని ఒక్కొక్కటే ఏరుకు తినేదని ఆయనే పిచ్చుక అని పేరు పెట్టాడు. సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు చదివి, రెండేళ్లు ఇంకెక్కడో పనిచేసి, ఈ మధ్యే ఇక్కడికి వచ్చింది.

ఇంట్లో ఈ కబురు విని ఆయన భార్య కూరగాయల కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది. "మేనమామ పోలిక మేనకోడలికి వస్తుందంటే విన్నాను. మేనకోడలి కింద మేనమామకి ఉద్యోగం రావడం ఇప్పుడే వింటున్నా. రేపట్నుంచి దాన్ని మేడమ్ అనాలేమో!"

"అంటాను. అంటే నా నోరేం అరిగిపోదు" అన్నాడాయన. కానీ మర్నాడు షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ మాట అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

"మేడమ్..."

"రండి" అంది పిచ్చుక. "చెప్పులు అక్కడ విప్పండి. చేతులు మోచేతుల దాకా కడుక్కోండి. ఈ కోటు వేసుకోండి."

ఇంట్లో నువ్వు, ఇక్కడ మీరు. పద్ధతి బాగానే ఉందనుకున్నాడు. కోటు మాత్రం పొట్ట దగ్గర బిగిసింది.

షెడ్డు లోపల అద్దంలా కడిగిన నేల, గోడ పొడుగునా బల్లలు, సీసాలు, మధ్యలో మనిషెత్తు స్టీలు పాత్ర ఒకటి, దానిలోంచి గాలి బుడగల చప్పుడు. పాత్ర నిండా పల్చన చేసిన మొలాసిస్. పాన్ హౌస్‌లో చక్కెరంతా తీసేశాక మిగిలే నల్లటి మడ్డి. ముప్ఫై నాలుగేళ్లు ఆయన ఆ మడ్డిని ట్యాంకుల్లోకి తోలేసి, దాని వంక మళ్లీ చూసిన పాపాన పోలేదు.

"ఇందులో ఇంకా సగం చక్కెరే" అందామె. "గింజ కట్టనని మొండికేసింది కాబట్టి మీరు వదిలేశారు. దాన్ని వీటికి తినిపిస్తున్నాం." మైక్రోస్కోపు చూపించింది. కన్ను పెట్టి చూస్తే విరిగిన అగ్గిపుల్లల్లాంటివి, ఒకదానికొకటి ఆనుకుని, కుప్పలుగా.

"పురుగులే!" అన్నాడు. "రసంలో పురుగు పడకుండా జీవితమంతా కాపలా కాసినవాణ్ణి. పడితే పారబోసి పాత్ర తోమేవాళ్లం. ఇక్కడ వేసి మరీ పెంచుతున్నారా?"

"బాక్టీరియా అంటారు. ఇవి మంచివి. తిన్న చక్కెరని గ్లుటామిక్ ఆమ్లంగా మారుస్తాయి. దానికి సోడా కలిపితే రుచినిచ్చే ఉప్పు. సూప్ పొట్లాల్లో అదే వేస్తారు." కాస్త ఆగి చెప్పింది: "ఒక్కటే చిక్కు. మొలాసిస్‌లో విటమిన్ ఎక్కువ. దాంతో వీటి తోలు దళసరై, చేసుకున్నదంతా లోపలే దాచుకుంటాయి. సరైన గంటలో చిటికెడు పెన్సిలిన్ వేస్తే తోలు పల్చబడి బయటికి వదులుతాయి."

"తిన్నంత తిని, ఉన్నది బయటపెట్టని రకం" అన్నాడాయన. "మీ నాన్నకి ఇక్కడ చుట్టాలున్నారన్నమాట."

ఆమె పెదవి బిగించింది గానీ భుజాలు కదిలాయి. అంతవరకూ బాగానే నడిచింది.

మూడో రోజు మధ్యాహ్నం పిచ్చుక మేనేజర్ గదిలో ఉంది. షెడ్డులో తీగపాకం, గాజు సామాను కడిగే ఆవిడ, ఇద్దరే ఉన్నారు. ఉన్నట్టుండి పాత్ర మూతపక్క గొట్టంలోంచి గోధుమ రంగు నురగ బుసబుసా పొంగుకొచ్చింది. గోడ మీద పడింది, బల్ల మీద పడింది, కడిగే ఆవిడ నెత్తిన పడింది. ఆవిడ కెవ్వుమంది.

నురగ చూస్తే తీగపాకానికి కొత్తేముంది? పాన్‌లో పాకం పొంగితే చెంచాడు నూనె వేస్తే చాలు, పిల్లిలా అణిగిపోతుంది. ఒక్క పరుగున క్యాంటీన్‌కి వెళ్లి గరిటెడు నూనె తెచ్చి, పాత్ర మీది చిన్న మూత తిప్పి పోసేశాడు. నురగ చప్పున చల్లారింది. కోటు సర్దుకుని, గెలిచినవాడిలా నిలబడ్డాడు.

పిచ్చుక గుమ్మంలోంచే చూసింది. మొహంలో రక్తం లేదు.

"మూత తీశారా?"

"తియ్యకపోతే నూనె ఎలా పోస్తాం?"

"ఏ నూనె?"

"క్యాంటీన్‌ది. మంచిదే, పొద్దున తెరిచిన డబ్బా."

ఆమె వెళ్లి ముందు ఆ మూత బిగించింది. మర్నాడు ఉదయం మైక్రోస్కోపులో అగ్గిపుల్లల మధ్య ఇంకేవో గుండ్రటివి, పూసల దండల్లా, తామరతంపరగా కనిపించాయి. నూనెతోనో, గరిటెతోనో, మూత తెరిచిన గాలితోనో బయటి క్రిములు లోపల పడ్డాయి. అవి మేతంతా తినేశాయి. అయిదు రోజుల పని కాలవపాలైంది. అప్పుడు మాత్రం పిచ్చుక ఆగలేదు.

"ఇది మీ పాన్ కాదు. మీ పాన్‌లో నూటికి నూరు పాళ్లూ మీకు తెలుసేమో, ఇక్కడ తెలియదు. అడక్కుండా దేని మీదా చెయ్యి వెయ్యొద్దు. మళ్లీ చెప్పను."

కడిగే ఆవిడ, కరెంటు పనివాడు, తలుపు దగ్గర నిలబడ్డ మేనేజర్, అందరూ విన్నారు. తీగపాకం "సరే మేడమ్" అని వెళ్లి సీసాలు తుడవడం మొదలుపెట్టాడు. తప్పు తనదే, కాదనడు. కానీ ఒక్కొక్క "మీరు", "మీ" ఒక్కొక్క సూదిలా దిగింది. ఈ పిల్లేనా ఆయన భుజాలెక్కి, జుట్టు పట్టుకుని, "నువ్వు గుర్రం, పరిగెత్తు" అన్నది?

ఆ సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఏం జరిగిందక్కడ? ఇది ఇంటికొచ్చినప్పట్నుంచీ ఏడుస్తోంది."

"అదెందుకు ఏడవడం? తిట్టింది అదే కదా?"

"అందుకే ఏడుస్తోంది" అంది చెల్లెలు.

ఆయన "కాస్త మజ్జిగిచ్చి పడుకోమను" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాటి నుంచి షెడ్డులో ఆయన నోరు విప్పింది లేదు. చెప్పిన పని చేసేవాడు, చెప్పనిది ముట్టుకునేవాడు కాదు. ఆమె కూడా కాగితాల్లోంచి తలెత్తేది కాదు. కడిగే ఆవిడ మాత్రం ఇద్దరి మధ్యా నిలబడి, "ఈ పాత్రలోని బాక్టీరియాలే నయం, పక్కపక్కనే ఉండి మాట్లాడుకుంటున్నట్టుంటాయి" అని గొణిగేది.

తర్వాతి విడత బాగా సాగింది. ఈసారి నూనెని ముందే మూసిన సీసాలో ఉడికించి, గొట్టంలోంచే పంపారు. పెన్సిలిన్ వేళకి పడింది. రెండో రోజు పరీక్షలో ద్రవం నిండా ఆమ్లం తేలింది. మేనేజర్ వచ్చి అందరితో చేతులు కలిపాడు. ఇక మిగిలింది ఆ ద్రవంలోంచి ఆమ్లాన్ని గింజగా బయటికి తీయడమే. పుల్లదనం ఒక హద్దుకి చేరిస్తే దానంతటదే విడిపోతుందని పుస్తకం చెప్పింది.

విడిపోయింది గానీ గింజగా కాదు. తడిపిన పిండిలా, జావలా తేలింది. వడపోత గుడ్డ మీద పోస్తే చుక్క నీరు దిగదు. రెండోసారి చేశారు. అదే జావ. ఈలోగా మేనేజర్ ఇంకో కబురు తెచ్చాడు: సూప్ కంపెనీ నుంచి ఒకావిడ బుధవారం వస్తోంది. కిలో గింజ కళ్లజూస్తే గానీ మాట్లాడదట. ఆ రోజు శుక్రవారం.

తీగపాకం ఆ జావ అంటిన గుడ్డ ఉతుకుతూ వేళ్ల మధ్య నలిపి చూశాడు. చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. పాన్ హౌస్‌లో దీన్ని దొంగ గింజ అంటారు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ ఒకసారైనా చేసే తప్పు. నోటిదాకా వచ్చింది. పిచ్చుక వంక చూశాడు. ఆమె బల్ల మీద తల ఆనించుకుని ఉంది. నోరు మూసుకుని గుడ్డ ఆరేసి ఇంటికొచ్చాడు.

భోజనం దగ్గర భార్యకి అంతా చెప్పాడు. "చెయ్యి వెయ్యొద్దంది. నేనెందుకు వేస్తాను?"

"ఆ పిల్ల అన్న మాట సరిగ్గా చెప్పండి" అందావిడ.

"అడక్కుండా దేని మీదా చెయ్యి వెయ్యొద్దంది."

"మరింకేం? అడిగి వెయ్యండి."

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని భార్య వంక చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఈవిడ ఎప్పుడూ ఇంతే, మనిషి కొండ చుట్టూ తిరుగుతుంటే పక్కనే ఉన్న మెట్లు చూపిస్తుంది.

శనివారం ఉదయం అందరికంటే ముందే వెళ్లాడు. పిచ్చుక అప్పటికే ఉంది.

"మేడమ్, ఒక మాట అడగొచ్చా?"

ఆమె తలెత్తింది. కళ్ల కింద నల్లటి చారలు. "అడగండి."

"దాన్ని పుల్లబెట్టడానికి ఆమ్లం పోస్తున్నారు కదా, మొత్తం ఎంతసేపట్లో పోస్తున్నారు?"

"పావుగంట."

"పుస్తకంలో పావుగంటే అని ఉందా?"

"ఏ అంకె దగ్గర ఆపాలో ఉంది. ఎంతసేపట్లో వెళ్లాలో లేదు."

"అదీ సంగతి." ఆయన బల్ల దగ్గరికి ఒక అడుగు వేశాడు. "పాన్‌లో మేం చేసేదొక్కటే. మొదటి గింజలు కంటికి ఆనగానే ఆగిపోతాం. పుట్టినవాటిని పెరగనిస్తాం. అవి కాస్త బలిశాక, వాటి ఆకలి చూసి, నెమ్మదిగా పోస్తాం. ఆగకుండా పోశామనుకో, పాతవి పెరగవు, కొత్తవి కోట్లకి కోట్లు పుట్టుకొస్తాయి. అదంతా దొంగ గింజ, ముద్ద. జల్లెడ మూసుకుపోతుంది. నీ గుడ్డ మీద ఉన్నది అచ్చం అదే."

పిచ్చుక కుర్చీలోంచి లేచింది. కూర్చుంది. మళ్లీ లేచింది. అలమరలోంచి ఒక పుస్తకం లాగి పేజీలు గబగబా తిప్పింది. "రెండు రకాలుగా కడుతుందని చదివాను. ఒకటి ఇసకలా, ఒకటి పల్చటి రేకుల్లా. మనకి రేకులొస్తున్నాయి. తొందరపెడితే రేకులు! ఇంత చదివి నాకెందుకు తట్టలేదు? నీకెలా తెలిసింది మావయ్యా? నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు?"

నువ్వు అంది. కడిగే ఆవిడ లోపలికి వస్తూ విని, బకెట్టు అక్కడే పెట్టి నవ్వింది.

"అడగాలని గుర్తు రావడానికి ఒక రాత్రి పట్టింది" అన్నాడు తీగపాకం.

ముందు గాజు గ్లాసులో చిన్నగా చేసి చూశారు. ఇసకే వచ్చింది. సోమవారం పెద్ద పాత్రలో మొదలుపెట్టారు. ఆయన అలవాటు కొద్దీ ద్రవంలో వేలు పెట్టబోతే పిచ్చుక మణికట్టు పట్టుకుని, "కాలుతుంది మావయ్యా" అని రబ్బరు తొడుగులు తనే తొడిగింది.

"దీంతో వేలికేం తెలుస్తుంది? గొంగళి కప్పుకుని గాలి విసురుకున్నట్టుంది."

"కళ్లున్నాయిగా. చూడు."

ఆమె ఒక్కొక్క చుక్కే ఆమ్లం వదులుతూ పుల్లదనం చూపే మీటరు అంకె చదువుతోంది. ఆయన నిమిషానికోసారి గాజు పలక మీద బొట్టు వేసి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. ఏమీ లేదు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. తర్వాత బొట్టులో, వాన వెలిశాక గాలిలో మెరిసే దుమ్ములా, సన్నటి మెరుపు.

"కట్టెయ్!" అన్నాడు. ఎవరితో అంటున్నాడో, మేడమ్ అనాలో లేదో కూడా గుర్తులేదు. ఆమె వాల్వు కట్టేసింది.

ఆ తర్వాత రెండు గంటలు ఏమీ చెయ్యలేదు. కలిపే రెక్క నెమ్మదిగా తిరుగుతోంది, వాళ్లిద్దరూ రెండు స్టూళ్ల మీద కూర్చున్నారు. మేనేజర్ తొంగి చూశాడు.

"ఏంటి, చేతులు ముడుచుకు కూర్చున్నారు? ఎల్లుండి ఆవిడ వచ్చేస్తోంది. ఆలస్యం అమృతం విషం అన్నారు!"

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు సార్" అన్నాడు తీగపాకం. "పెరుగుతున్నాయి. పెరగనివ్వండి."

"రెండు సామెతల్లో ఏది నిజం?"

"మధ్యాహ్నానికి తేలుతుంది" అంది పిచ్చుక.

మళ్లీ కొద్దికొద్దిగా ఆమ్లం, కొద్దికొద్దిగా చల్లదనం. భోజనాల వేళ దాటాక తీగపాకం పాత్ర పక్కకి చెవి ఆనించాడు. ఏటి ఒడ్డున నీళ్లు ఇసకని లాగుతున్నట్టు గరగరమంటోంది. పిచ్చుకని చెయ్యి పట్టి లాగి ఆమె చెవి కూడా ఆనించాడు. అలా ఇద్దరూ స్టీలు పాత్రకి పక్కపక్కనే చెవులు అంటించుకుని, ఒకరినొకరు చూసి నవ్వుకుంటుంటే, కరెంటు పనివాడొచ్చి చూసి, షాకు కొట్టిందేమోనని మెయిన్ ఆపెయ్యబోయాడు.

వడపోత గుడ్డ మీద పోయగానే నీళ్లు జలజలా దిగిపోయాయి. మిగిలింది ఇసక. తడిగా, గోధుమ రంగులో, పలుకు పలుకుగా. చల్లటి నీళ్లతో కడిగితే ఎండుగడ్డి రంగుకి తేలింది. ఆరబెట్టి తూస్తే కిలో మీద ముప్పావు.

బుధవారం సూప్ కంపెనీ ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, పొడుగు సంచి, మాట తక్కువ. గింజని తెల్ల కాగితం మీద పోసి, పెన్నుతో విడదీసి, భూతద్దంలో చూసింది. తర్వాత కొంత గింజకి సోడా కలిపించి, తను తెచ్చుకున్న చప్పటి కూరగాయల సూపులో ఆ ఉప్పు చిటికెడు వేసి, ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. ఇంకో చెంచా తాగింది. తర్వాత గిన్నె ఎత్తి మిగిలింది కూడా తాగేసింది.

"రంగు ఇంకా తగ్గాలి" అంది. "గింజ మాత్రం బాగుంది. ఎవరు పట్టించారు?"

మేనేజర్ నోరు తెరిచేలోగా పిచ్చుక చెప్పింది. "మా మావయ్య. చక్కెర వండేవారు."

తీగపాకం చూపు తిప్పుకుని కిటికీ అద్దం మీద లేని మరకని తొడుగుతోనే తుడవడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే కొత్త పాత్ర ఒకటి తెప్పించాలని తేలింది, దీనికంటే పదింతలది. మిగిలిన నెలలు తీగపాకం ఒకే పని పెట్టుకున్నాడు: గింజ చూడటం పిచ్చుకకి నేర్పడం. తేలిక కాదు. ఆమె ప్రతిదానికీ అంకె అడిగేది. "ఎన్ని గింజలు కనపడితే ఆపాలి? బొట్టుకి పదా, ఇరవయ్యా?" ఆయన జుట్టు పీక్కునేవాడు. "చూస్తే తెలుస్తుందే!" "తెలియట్లేదు కదా, చెప్పు!" చివరికి ఇద్దరూ రాజీకొచ్చారు. ఆయన చూసి తలూపిన ప్రతి పలకనీ ఆమె ఫొటో తీసి, అందులో గింజలు లెక్కపెట్టి, పట్టిక రాసింది. పట్టిక చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. ముప్ఫై నాలుగేళ్లుగా తన కన్ను ప్రతిసారీ ఇంచుమించు అదే లెక్క దగ్గర ఆగుతోందని ఆయనకే తెలియదు.

సర్వీసు ఇంకో నెల ఉందనగా ఒక ఉదయం ఆయన షెడ్డులోకి వచ్చి కోటు వేసుకోలేదు.

"ఇవాళ నువ్వే పట్టించు. నేనుండను."

"తప్పితే?"

"తప్పితే గుడ్డ ఉతుకుదువుగాని. నేనెన్ని ఉతికానో లెక్కే లేదు."

గేటు బయట టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ కాళ్లు నిలవవు. ఇప్పుడు ఆమ్లం మొదలెట్టి ఉంటుంది. ఇప్పుడు బొట్టు చూస్తుంటుంది. ఆగిందో లేదో! రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. కొట్టువాడు అడక్కుండానే మూడో టీ ఇచ్చాడు.

ఎండ నడినెత్తికొచ్చేవేళకి పిచ్చుక వచ్చింది. కోటు కూడా విప్పలేదు. చేతిలో మూత పెట్టిన గాజు పలక. ఆయనకిచ్చింది.

ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎండకి పట్టాడు. ఒక్క రేకు లేదు. గింజకి గింజ సమానంగా, మూలలు తీరి, ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తున్నాయి. గత నెల తను పట్టించినదానికంటే బాగున్నాయి. ఆ మాట ఒప్పుకోవడానికి కాస్త టీ మింగాల్సి వచ్చింది.

"బాగానే ఉంది" అన్నాడు.

"బాగానే అంటే?"

"నా కంటే బాగుందే. సరేనా? కూర్చో, టీ తాగు."

ఆమె ఆయన పక్కన కూలబడి, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, పొద్దున్నుంచీ మొదటిసారి కాళ్లు చాపుకుంది. కొత్త పాత్ర శుక్రవారం వస్తుందని చెప్పింది. దానికి ఇద్దరు కొత్త అమ్మాయిల్ని తీసుకుంటున్నారనీ, వాళ్లకి గింజ చూడటం నేర్పడానికి వారానికి రెండు రోజులు రిటైరైన మనిషి ఎవరైనా వస్తారేమో అడగమని మేనేజర్ అన్నాడనీ చెప్పింది.

"మీ అత్తయ్యని అడగాలి" అన్నాడు తీగపాకం.

"నిన్ననే అడిగాను. మూడు రోజులైనా పర్వాలేదంది."

ఆయన గట్టిగా నవ్వాడు. కొట్టువాడు కూడా, విషయం తెలియకపోయినా, నవ్వుతూ రెండు బన్నులు ముందు పెట్టాడు.